ఊరికే వచ్చే మాస్టారు

బ్రేకు మాస్టారి గురించి చెప్పాలంటే ముందు ఆయన్ని పిసినారి అన్నవాళ్ళ నోళ్ళు మూయించాలి. పార్కింగు డబ్బులు ఎగ్గొట్టడానికి ఆయన మున్సిపాలిటీతో పేచీ పెట్టుకున్నారని ఇప్పటికీ ఊళ్ళో సగం మంది అనుకుంటారు. బట్టల కొట్టాయన అయితే ఆ కథ నవ్వుతూ చెబుతాడు, అదీ నా ఎదురుగానే. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. ఏం జరిగిందో నా కళ్ళతో నేను చూశాను. తప్పంతా ఒక్క మాటది.

నాది జిరాక్సు కొట్టు. లామినేషను, పాస్‌పోర్టు ఫోటోలు, బైండింగు కూడా చేస్తాను. కొట్టు మెట్టు దిగితే మున్సిపాలిటీ వాళ్ళ ఖాళీ జాగా, కార్లు ఆపుకునే చోటు. ఒకవైపు పంటి డాక్టరు గారి క్లినిక్కు, దాని పై అంతస్తులో మోకాళ్ళ నొప్పులకీ నడుం నొప్పులకీ వ్యాయామాలు చేయించే చోటు. ఇంకోవైపు బట్టల కొట్టు. నేలంతా పగుళ్ళు. ఎప్పుడో వేసిన తెల్ల గీతలు అరిగిపోయి, ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆపుకునేవారు. మూల ఒక చెట్టుంది. దాని కింద బండి పెడితే సాయంత్రానికి అద్దం నిండా జిగురూ పిట్టల రెట్టలూ. ఆ చోటు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి మాస్టారు అక్కడ ఆపేవారు. ఒకళ్ళకి అడ్డం రావడం అంటే ఆయనకి చచ్చేంత మొహమాటం.

ఆయన ఎన్నో ఏళ్ళు డ్రైవింగు స్కూలు నడిపారు. ఆ బళ్ళలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్పేవాళ్ళ కోసం. బతుకంతా ఆ సీట్లో కూర్చుని, స్టీరింగు తెలియనివాడి చేతిలో పెట్టి, తన కాలు మాత్రం ఆ బ్రేకు మీద ఉంచుకున్న మనిషి. అలవాటు ఎంత ముదిరిందంటే, రోడ్డు మీద నడుస్తూ మాట్లాడుతున్నా సరే, ఎదురుగా ఎవరైనా వస్తే కాలు నేలకేసి నొక్కేసేవారు. అందుకే మేం బ్రేకు మాస్టారు అనేవాళ్ళం. మంచం మీద కూడా తొక్కుతారమ్మా, తెల్లారేసరికి దుప్పటి కాళ్ళ దగ్గర ఉంటుంది అని వాళ్ళావిడ నాకు చెప్పి పొట్ట పట్టుకుని నవ్వేది.

ఆవిడని నేను అక్కయ్య అనేదాన్ని. స్కూలుకి వచ్చే ఫోన్లు ఎత్తడం, ఎవరికి ఎప్పుడు క్లాసో చెప్పడం, భయపడేవాళ్ళకి ధైర్యం చెప్పడం ఆవిడ పని. లైసెన్సుకి ఫోటోలు కావాలని నేర్చుకునేవాళ్ళని వెంటేసుకుని నా కొట్టుకి వచ్చేది. వచ్చిందంటే మిషను చప్పుడు కూడా వినిపించేది కాదు, అంత వాగుడు. మాస్టారు వెనకాల నిలబడి నవ్వేవారు. మా ఇంట్లో నా వాటా మాటలు కూడా తనే మాట్లాడేస్తుంది, నాకు పని తక్కువ అనేవారు. పిల్లలు లేరు. ఒకరికొకరు సరిపోయారు.

అక్కయ్యకి జ్వరం అన్నారు, ఆసుపత్రి అన్నారు, అంతే. వారం తిరక్కుండానే పోయింది. ఆ తర్వాత స్కూలు కొన్నాళ్ళు లాగి ఆయనా మానేశారు. ఫోను మోగుతుంటే ఎవరో ఒకరు ఎత్తుతారులే అని కూర్చుండిపోతున్నానమ్మా, అది ఆగిపోయాక గుర్తొస్తోంది ఎత్తాల్సింది నేనని అన్నారు. బండి పైన బోర్డు విప్పేసి, మేకుల కన్నాలు లప్పంతో మూసేశారు. వెనకద్దం మీద నేర్చుకునేవాళ్ళ బండి అని తెలిపే ఎర్ర ‘ఎల్’ అక్షరం గీకినా పూర్తిగా పోలేదు.

ఆయన ఇల్లు టైర్ల కొట్టు పైన, రెండు గదులు. పరామర్శకి వెళ్ళినప్పుడు చూశాను. అన్నీ రెండేసి ఉన్నాయి. రెండు కుర్చీలు, రెండు గ్లాసులు, తలుపు పక్కన రెండు జతల చెప్పులు. కూర్చోమని ఒక కుర్చీ చూపించి, మళ్ళీ అది కాదని ఇంకోటి చూపించారు. పైన ఫ్యాను తిరుగుతోంది. బయటికి వెళ్ళేటప్పుడు కూడా దాన్ని ఆపనని చెప్పారు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి ఇంట్లో ఏదో ఒకటి కదులుతూ ఉండాలట. కరెంటు బిల్లు ఎక్కువొస్తుంది మాస్టారూ అన్నాను. వస్తుందమ్మా అన్నారు.

ఒక్కడే ఇంట్లో ఉంటే ఆ ఇల్లు మింగడానికి వచ్చినట్టుంటుంది కదా. అలా మొదలైంది ఆయన మా దగ్గరికి రావడం. పొద్దున నేను షట్టరు ఎత్తి బల్ల తుడిచే వేళకి బండి వచ్చి చెట్టు కింద ఆగేది. ఇంజను ఆపి, దిగి, బండి చుట్టూ తిరిగొచ్చి, పక్క సీట్లో కూర్చునేవారు. ఎవరికోసమో ఎదురు చూస్తున్నారనుకున్నాను మొదట్లో. రెండు మూడు రోజులు చూసి, ఎవరికోసం మాస్టారూ అని అడిగేశాను. ఎవరికోసమూ కాదు, ఊరికే అన్నారు. స్టీరింగు ముందు కూర్చుంటే ఎక్కడికో వెళ్ళాలనిపిస్తుందట. ఈ సీట్లో అయితే ఎవరైనా వస్తారనిపిస్తుందట.

నిజంగానే వచ్చారు. మొదట వచ్చింది టాక్సీ తమ్ముడు. తన బండిలో ఏసీ పాడైంది, కాసేపు మీ చెట్టు నీడలో కూర్చోనా అని వచ్చి ఖాళీగా ఉన్న డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. బేరం వచ్చేదాకా కబుర్లు చెప్పాడు. మర్నాడు ఏసీ బాగైనా వచ్చాడు. తర్వాత పార్సిళ్ళ వ్యానతను. ఆ తర్వాత, అత్తగారిని మోకాళ్ళ వ్యాయామానికి తీసుకొచ్చే ఒకావిడ. అత్తగారు పైన ఉన్నంతసేపూ ఆవిడ తన కారులో ఒక్కతీ కూర్చుని ఫోను చూసుకునేది. ఒకరోజు మాస్టారి బండిలో కనిపించింది. ఏం చెబుతోందో ఏమో, చేతులు తిప్పుకుంటూ ఒకటే చెబుతోంది. అత్తగారి గురించే అయ్యుంటుంది. మాస్టారు తలూపుతున్నారు, మధ్య మధ్యలో కాలు నొక్కుతున్నారు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఊరంతా ఉన్నారు కదా, పళ్ళు పీకించుకోవడానికో బట్టలు కొనడానికో వచ్చి ఆయన్ని చూసి ఆగేవారు. డ్రైవరు సీటు ఖాళీగా ఉండేది కాదు. ఇంట్లో చెప్పుకోలేనివి అక్కడ చెప్పుకునేవారు. ఇద్దరూ ఎదురుగా అద్దంలోంచి బయటికే చూస్తారు కదా, ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. అందువల్ల మాట సులువుగా వస్తుందని నా ఊహ. మధ్యాహ్నం నా డబ్బా తీసుకుని నేనూ వెళ్ళేదాన్ని. తింటూ తింటూ చెయ్యి స్టీరింగు మీద పెడితే ఆయనకి ఊరుకోబుద్ధి కాదు, అలా కాదమ్మా, రెండు పక్కలా పట్టుకో అనేవారు. ఆగి ఉన్న బండికి ఎందుకండీ అని నేను కసురుకునేదాన్ని.

అక్కయ్య పోయాక ఆయన మాట్లాడడం నేర్చుకున్నారు. ఇది నేను కనిపెట్టిన సంగతి. కాకపోతే నిదానం. ఒక కథ మొదలుపెడితే ఊరంతా తిప్పి తిప్పి చివరికి తెచ్చేవారు. నేర్చుకునేవాడు ఒకడు రివర్సు అనుకుని ముందుకి పోనిచ్చి చేపలమ్మే ఆవిడ గంపలో దూరిన కథ నేను ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ గంపలోకి వెళ్ళేసరికి నా భోజనం అయిపోయేది.

అలాంటి రోజుల్లో మున్సిపాలిటీ వాళ్ళు కరెంటు స్తంభానికి ఒక బ్యానరు కట్టారు. ఈ జాగాలో కార్లకి ఇకనుంచి రుసుము వసూలు చేయాలని ప్రతిపాదన, మొదటి గంట ఉచితం, ఆ తర్వాత గంటగంటకీ డబ్బు, ప్రజలు అభిప్రాయాలు చెప్పడానికి ఫలానా రోజు సమావేశం అని. మా వీధి వీధంతా అట్టుడికినట్టు ఉడికింది. బట్టల కొట్టాయన అందరినీ పోగేశాడు. మనూళ్ళో మన బండి మనం ఆపుకోవడానికి డబ్బులేమిటి, కొనేవాళ్ళు పక్క బజారుకి పోతారు, మనందరం షట్టర్లు దించుకుని ఇంట్లో కూర్చోవాలి అని గొంతు చించుకున్నాడు. పంటి డాక్టరు గారు మాత్రం నోరు మెదపలేదు.

మాస్టారూ, మీరు కూడా రావాలి, మీరు మాట్లాడితే వింటారు అన్నాను. నాకేం పని అక్కడ అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. అందరికంటే ముందు ఊడేది మీ చోటే, తెలుస్తోందా అన్నాను. దాచుకున్నది ఉంది, ఖర్చు లేదు, డబ్బు సంగతి కాదమ్మా అన్నారు మాస్టారు. మరి దేని సంగతి అంటే చెప్పారు.

“టిక్కెట్టు చించేవాడు ఏ పని మీద వచ్చారు, ఎంతసేపు ఉంటారు అని అడుగుతాడు కదా. ఏం చెప్పను?”

సమావేశం మున్సిపాలిటీ పాత హాల్లో. మైకు ఉంది, అది ఎవరు ముట్టుకున్నా కీచుమంటోంది. వేదిక మీద చైర్మన్ గారు, ఇద్దరు ఇంజనీర్లు, పక్కన చిన్న బల్ల దగ్గర చెప్పినవన్నీ టైపు చేసుకునే ఒక అమ్మాయి. మాట్లాడేవాళ్ళు ముందు మూడు చెప్పాలన్నారు. ఎవరు, ఏ బండి, ఏ పని మీద అక్కడ ఆపుతారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. దాని కాలరు వెనక ఇస్త్రీ సరిగ్గా పడలేదు. అక్కయ్య ఉంటే అలా పంపేది కాదు.

ముందు బట్టల కొట్టాయన అరిచాడు. ఆ తర్వాత పంటి డాక్టరు గారు లేచారు. ఆయన అరవలేదు, అదే ఇబ్బందైంది. నొప్పితో వచ్చేవాళ్ళు చోటు దొరక్క వీధి చుట్టూ తిరుగుతున్నారండి, కొన్ని బళ్ళు పొద్దున వస్తే సాయంత్రం దాకా కదలవు, ఏ పనీ ఉండదు, చెట్టు కింద ఒక బండి అయితే రోజూ చూస్తున్నాను అన్నారు. ఆ బండి ఎవరిదో ఆయనకి తెలియదని కాదు. నా పక్కన మాస్టారి కాలు నేలకేసి గట్టిగా నొక్కుకుంది. డాక్టరు గారు చెప్పిందాంట్లో అబద్ధం కూడా లేదు, నిజం ఒప్పుకోవాలి.

తర్వాత మాస్టారి వంతు. మైకు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. డ్రైవింగు స్కూలు మాస్టారు అని చెప్పారు, బండి ఏదో చెప్పారు. ఏ పని మీద వస్తారండీ అని చైర్మన్ గారు మర్యాదగానే అడిగారు.

“ఊరికేనండి,” అన్నారు మాస్టారు.

చైర్మన్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. “అందరూ ఊరికే కావాలంటే ఎలా మాస్టారూ? ఊరికే ఇవ్వడం కుదరకే కదా ఈ మీటింగు పెట్టుకున్నాం.”

హాలంతా నవ్వింది. పైసా ఖర్చు లేకుండా కావాలంటున్నాడని వాళ్ళకి అర్థమైంది మరి. పనేమీ లేకుండా, ఏ కారణమూ లేకుండా వస్తానని ఆయన చెప్పింది. మన భాషలో రెండింటికీ ఒకటే మాట. ఏం చేస్తాం.

అది కాదండీ, ఊరికే వస్తాను అన్నారు మాస్టారు మళ్ళీ. పాపం, ఆయన దగ్గర ఇంకో మాట లేదు. అదేనండీ మేం చెప్పేది, ఇకమీదట ఊరికే రావడం కుదరదు అన్నారు చైర్మన్ గారు. ఈసారి ఇంజనీర్లు కూడా నవ్వారు. బట్టల కొట్టాయన తొడ మీద కొట్టుకుని మరీ నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడి, ఆయన డబ్బులు ఇవ్వనని అన్నారా అసలు, ముందు మనిషి చెప్పేది వినండి అని అరిచాను. నా గొంతుకి మైకు అక్కర్లేదు. మాస్టారు వెనక్కి తిరిగి, కూర్చో అన్నట్టు చెయ్యి చూపించారు. మళ్ళీ మైకు వైపు తిరిగారు. నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పారు.

“నాకు అక్కడ పనేం లేదండి. పనున్నవాళ్ళు వస్తారు. వాళ్ళ పని అయ్యేదాకా నా బండిలో కూర్చుంటారు. నాలుగు మాటలు మాట్లాడతారు. దానికోసం వస్తాను. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు.”

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మైకు ఒకసారి కీచుమంది. టైపు చేసే అమ్మాయి చేతులు ఆపేసింది. డాక్టరు గారు తన బూట్లు చూసుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. అంతమంది ముందు నిలబడి నాకు ఎవరూ లేరని చెప్పడం ఎంత కష్టమో, అదీ నవ్వులపాలైన తర్వాత.

చైర్మన్ గారు చెడ్డ మనిషి కాదు. లేచి నిలబడి, క్షమించండి మాస్టారూ, మీలాంటి పెద్దవాళ్ళకి ఏదో ఒకటి చేస్తాం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. బట్టల కొట్టాయన కూడా.

మాట నిలబెట్టుకున్నారు. రుసుము పెట్టారు, అయితే వయసు పైబడినవాళ్ళ బళ్ళకి ఉచిత పాసు అన్నారు. మొదటి పాసు మాస్టారికే, చైర్మన్ గారి చేతుల మీదుగా. దాన్ని నేనే లామినేషను చేసిచ్చాను. వీధంతా వచ్చి మెచ్చుకుంది. సాధించారు మాస్టారూ, ఊరికే వచ్చేసింది మీకు అన్నారు. వాళ్ళందరూ వెళ్ళాక, నేను అడిగింది ఇది కాదు కానీ పోన్లే, మంచి ఉద్దేశంతో ఇచ్చారు అన్నారు మాస్టారు నాతో.

నేల చదును చేశారు. పసుపు గీతలు వేశారు, అంకెలు వేశారు. దారికి అడ్డంగా లేచి పడే కర్ర, టిక్కెట్టు ఉమ్మే మిషను, దాని పక్కన చొక్కా మీద మెరిసే కోటు వేసుకున్న మనిషి. నిజం చెప్పొద్దూ, జాగా బాగుపడింది. నొప్పితో వచ్చినవాళ్ళకి చోటు దొరుకుతోంది. బట్టల కొట్టాయన బేరాలు పెరిగాయి, ఇప్పుడు రుసుము మంచిదే అంటాడు. నా కొట్టు ముందు కూడా అడ్డదిడ్డంగా ఆపేవాళ్ళు లేరు. మాస్టారి చెట్టు కింద అంకె వేసి, వయోవృద్ధులకు మాత్రమే అని రాశారు. రోజంతా కూర్చున్నా అడిగేవాడు లేడు.

అయితే పాసు ఉన్నది ఆయన బండికే, ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళ బళ్ళకి లేదు కదా.

టాక్సీ తమ్ముడు గంట దాటితే గిట్టదని ఊరి చివర రింగు రోడ్డు దగ్గర ఆపుకుంటున్నాడు. వ్యానతను వస్తాడు, పార్సిలు చేతిలో పెట్టుకుని పరిగెత్తుతాడు, పరిగెత్తుతూనే చెయ్యి ఊపుతాడు. అత్తగారిని తెచ్చే ఆవిడ ఆమెని గుమ్మం దగ్గర దించి, బండి లోపలికి తేకుండానే వెళ్ళిపోయి, అయ్యే వేళకి వస్తోంది. ఆ తర్వాత అత్తగారి మోకాళ్ళు బాగయ్యాయి కాబోలు, రావడమే మానేసింది. పాత శిష్యులు మాస్టారూ బాగున్నారా అంటారు. బాగున్నానయ్యా అనేలోపు టిక్కెట్టు మీద టైము చూసుకుంటారు.

ఒకాయన మాత్రం ఒకరోజు ధైర్యం చేసి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. చేతిలో టిక్కెట్టు పట్టుకునే కూర్చున్నాడు. మాస్టారి మొహం వెలిగిపోయింది. చేపల గంప కథ ఎత్తుకున్నారు. కథలో నేర్చుకునేవాడు ఇంకా రివర్సు గేరు వెతుక్కుంటుండగానే ఆ వచ్చినాయన లేచి, అమ్మో గంటైపోవచ్చింది మాస్టారూ, మిగతాది మళ్ళీ వింటాను అని వెళ్ళిపోయాడు. మాస్టారు ఆ ఖాళీ సీటు వైపు తిరిగి, నోరు సగం తెరిచి అలాగే కాసేపు ఉన్నారు. నేను కొట్టులోంచి చూశాను. వెళ్ళి ఆ కథ నాకు చెప్పండి అని అడుగుదామనుకున్నాను, ఈలోగా కాపీల కోసం ఎవరో వచ్చారు.

ఆ తర్వాత ఆయన కథలు కుదించుకున్నారు. నేను గమనించాను. గంప కథలో చేపలమ్మే ఆవిడ తిట్లు తీసేశారు, తర్వాత రివర్సు సంగతి తీసేశారు. చివరికి, ఒకడు గంపలోకి పోనిచ్చాడయ్యా అనేవరకూ వచ్చింది. వినేవాళ్ళు ఓహో అని నవ్వేసి పోయేవారు. కొన్నాళ్ళకి అదీ మానేసి, బాగున్నానయ్యా దగ్గర ఆగిపోయారు. మధ్యాహ్నాలు నేను వెళ్తూనే ఉన్నాను. నేను వెళ్ళానని ఆయనకి సంతోషమే. కానీ నేను రోజూ ఉండేదాన్నే. కొత్తగా తలుపు తీసుకుని ఒక మనిషి లోపలికి వచ్చినప్పుడు ఆయన మొహంలో వచ్చే కళ నాకోసం రాదు, నాకు తెలుసు. నా కొట్టులో స్టూలు వేస్తాను, వచ్చి కూర్చోండి అన్నాను. రెండు రోజులు కూర్చున్నారు. గిరాకీ వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవారు. నీ చోటులో నేను అడ్డం అమ్మా, నా చోటులో అయితే ఎవరైనా నా దగ్గరికి వచ్చినట్టు ఉండేది అన్నారు. మూడో రోజు మళ్ళీ చెట్టు కిందే.

ఇంత పెద్ద ఊళ్ళో, అటూ ఇటూ అంతమంది తిరిగే చోట, ఒక మనిషి అంత ఒంటరిగా కూర్చోగలడని నేను అంతకుముందు ఎరగను.

ఒకరోజు పొద్దున్నే మాస్టారు కొట్టు దగ్గరికి వచ్చారు. అమ్మాయ్, మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్ళొద్దామా, నాకు అక్కడ మాట సరిగ్గా రాదు, ఆ రోజు చూశావు కదా అన్నారు. ఏం కావాలంటే చెప్పరు. షట్టరు సగం దించి వెళ్ళాను. కౌంటరులో ఉన్నది ఆ మీటింగులో టైపు చేసిన అమ్మాయే. మాస్టారిని చూడగానే గుర్తుపట్టి, కూర్చోండి తాతగారూ అంది. ఆయన కూర్చోలేదు. జేబులోంచి పాసు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇది నాకొద్దమ్మా. నేను డబ్బు కట్టుకుంటాను. దీన్ని నా దగ్గరికి వచ్చేవాళ్ళకి మార్చండి,” అన్నారు.

ఆ అమ్మాయికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ముఖం మారిపోయింది. మంచి పిల్ల. కాసేపు కంప్యూటరులో వెతికి, పాసు వెనక్కి ఇవ్వక్కర్లేదు తాతగారూ, పెద్దవాళ్ళని చూసుకోవడానికి వచ్చేవాళ్ళది ఇంకో బండి దీనికి కలపొచ్చు, కొత్తగా వచ్చింది, ఒక్క బండే కానీ కలపొచ్చు అంది. మాస్టారు నా వైపు తిరిగి చూశారు. ఎన్ని నెలల తర్వాతో ఆ కళ ఆయన మొహంలో చూశాను.

పేరు చెప్పండి అంది ఆ అమ్మాయి, కీబోర్డు మీద చేతులు పెట్టుకుని.

మాస్టారు నోరు తెరిచారు. టాక్సీ నడుపుతాడమ్మా, క్లచ్చి మీంచి కాలు తియ్యడు, ఎన్నిసార్లు చెప్పినా అంతే అన్నారు. పేరు తాతగారూ అంది. పేరు అడగలేదు నేను అన్నారు. పోనీ ఇంకొకావిడ, మలుపు తిరిగాక సిగ్నలు వేస్తుంది, చాలా మంచిది, వాళ్ళత్తగారికి మోకాళ్ళ నొప్పులు అన్నారు. ఆవిడ పేరూ తెలియదు. వ్యానతను కనపడినంత దూరం హారను కొడతాడు. ఇంకొకాయన అద్దం చూసుకోడు. అందరినీ అలా చెప్పుకుంటూ వచ్చారు. వాళ్ళ సంసారాల్లో ఏం జరుగుతోందో ఆయనకి తెలుసు, ఎవరికి ఏ భయమో తెలుసు. పేర్లే తెలియవు, స్కూల్లో కూడా పేర్లూ నంబర్లూ రాసుకున్నది అక్కయ్యే. బండి నంబరు, ఫోను నంబరు, ఏదీ లేదు. ఆ అమ్మాయి ఓపిగ్గానే వింది. మా వెనక లైను పెరుగుతోంది, ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

మాస్టారు ఆగిపోయారు. ఇంకా ఎవరైనా ఉన్నారేమో అని ఆలోచిస్తున్నారు. ఆయన కాలు నేలకేసి నొక్కుతోంది, వదులుతోంది. అలా నిలబడ్డ మనిషిని చూడలేక ముందుకి జరిగాను.

“నా పేరు రాయండి. నేనున్నాను కదా మాస్టారూ,” అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. పాసు తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

“నీకు బండి లేదు కదమ్మా,” అన్నారు.